చూరు కింద బ్రామ్లీ దొర విస్తరి

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ తలాఠీ పరీక్ష రాసి గట్టెక్కినవాళ్లే. చాయ్ తాగి, బిస్కెట్లు ముట్టకుండా మర్యాదగా కూర్చుని, "సారూ, ఈ నౌకరీల ముఖ్యంగ నేర్చుకునేది ఏంది?" అని అడిగారు. ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి తెలుసుకోవడం అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ఏదో చెప్తున్నాడు, ఊ కొడదాం అన్నట్టు ఊ కొట్టారు. వాళ్లు నమ్మలేదని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

తలాఠీ అంటే, గోదావరికి అవతలి ఒడ్డున పట్వారీ అనేవాళ్లే. ఊరి భూమి లెక్క చూసేవాడు. కానీ భూమి ఎక్కడికీ పోదు, పోయేది మనుషులు. ఒక మనిషి పోగానే అతని చెలక ఎవరికి దక్కాలో తేల్చాలి. కాబట్టి నా నౌకరీలో సగం కాలం నేను చేసిన పని ఒక్కటే. ఎవరింటి అరుగు మీదనో కూర్చుని, మీ నాయన ఎవరు, తాత ఎవరు, ఆయనకు ఎందరు పిల్లలు, అందులో ఎవరు ఎటు పోయారు అని అడగడం. చావు జరిగిన ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలవి. నోరు మంచిదైతే ఊరు మంచిది అనే మాట మా నౌకరీలో సామెత కాదు, రోజువారీ పనిముట్టు.

నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ సాహెబ్ నన్ను మెచ్చుకున్నాడో రాయను. ఆ కథలు విని విని మా ఇంటావిడే వంటింట్లోకి లేచిపోతుంది. మీకెందుకు ఆ శిక్ష? నాకు పని నేర్పినవి రెండు మూడు సంగతులు. వాటిలో పెద్దది బ్రామ్లీ దొర సంగతి. దానికి ముందు చిన్నదొకటి చెప్పాలి.

ఇంటిపేరు ఒకటైతే

జింగనూర్ వైపు అడవి ఊర్లలో నాకంటే ముందు ఒక పెద్దాయన పనిచేశాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. ఒక గోండు రైతు చనిపోతే, అదే ఇంటిపేరున్న ఇంకొకతన్ని తమ్ముడని రాసి, సగం భూమి అతని పేరున చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు అన్నా తమ్ముడా అని పిలుచుకునేవాళ్లు. ఇంక అనుమానం ఎందుకు అనుకున్నాడు.

నేను ఆ సర్కిల్‌కు వచ్చిన కొన్నాళ్లకు ఆ 'తమ్ముడు' అడవిలో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. భుజాన గొడ్డలి, చేతిలో ఇప్పపువ్వు మూట. మూట నా ముందు పెట్టాడు.

"సారూ, ఆ భూమి నా పేరు మీద రాసిండ్రట. నాది కాదది. తీసెయ్యుండ్రి."

"నువ్వు ఆయన తమ్మునివి కాదా?"

"తమ్మున్నే. గని మా అయ్య వేరు, వాళ్లయ్య వేరు. మా దేవుండ్లు ఒక్కటి. దేవుండ్లు ఒక్కటైతే అన్నదమ్ములమే, పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు ఉండది. గంతే గద! దానికి భూమి ఇస్తరా ఎవలన్న?"

ఆ భూమి చనిపోయినవాడి కూతురికి చేరింది. ఇప్పపువ్వు మూట మాత్రం ఎంత చెప్పినా అతను వెనక్కి తీసుకుపోలేదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన నెత్తురు ఒకటి కాదని ఆరోజు నా తలలో నాటుకుంది. తర్వాత అది నాకు అక్కరకు వచ్చింది.

దొరసాని రాక

అది చంద్రపూర్ నుంచి గడ్చిరోలి వేరే జిల్లాగా విడివడిన కొత్తలు. వానాకాలం చివర. రోడ్లన్నీ గతుకులు. అట్లాంటి రోడ్డు మీద ఒక జీపులో ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ సిరోంచకు వచ్చింది. ఏడు పదులకు కాస్త ఇటు వయసు ఉంటుంది. కొంగలాగా పొడుగు, గుడ్డ బూట్లు, నల్ల గొడుగు. పేరు ఎడిత్ బ్రామ్లీ. ఎదురుపడిన ప్రతి మనిషికీ గుడ్ మార్నింగ్ చెప్పేది. మనుషులు లేకపోతే బర్రెలకు చెప్పేది. రెండో రోజుకే బజారులోని పిల్లలు ఆమె కంటే ముందే గుడ్ మార్నింగ్ అని అరవడం మొదలుపెట్టారు.

మా తహసీల్దార్ సాహెబ్ పశ్చిమ మహారాష్ట్ర మనిషి. ముక్కు మీద కోపం, మనసు మాత్రం వెన్న. గెస్ట్‌హౌస్ దుప్పట్లు బాగుండవని తన ఇంటి దుప్పటి తెప్పించి ఆమె మంచం మీద వేయించాడు. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చని, "బాయీకి ఏం కావాలో చూడు, ఆమె మొహం మీద నవ్వుతోనే వెనక్కి పోవాలి" అని నన్ను అప్పగించాడు. నా ఇంగ్లీషు మెట్రిక్ దాకా చదివిన ఇంగ్లీషు. ఆమె ఓపిక దానికంటే గొప్పది కాబట్టి నడిచింది.

ప్రాణహిత కనిపించే వరండాలో కూర్చుని ఆమె తన పని చెప్పింది. ఆమె తాత థామస్ బ్రామ్లీ. తెల్లదొరల కాలంలో, నదిలో పడవలు నడవాలని బండలు పగలగొట్టించే పని మీద సిరోంచకు వచ్చాడు. ఇక్కడే జ్వరంతో పోయాడు. భార్య చంటిపిల్లవాణ్ని ఎత్తుకుని ఇంగ్లండుకు తిరిగిపోయింది. ఆ చంటివాడే ఈమె నాన్న. ఆయనకు లేక లేక పుట్టిన ఒక్కతే కూతురు ఈమె. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం మానేశాక తన వంశం ఎక్కడిదో వెతకడమే పనిగా పెట్టుకుని, ఏడు తరాలు పైకి పోయిందట. బ్రామ్లీ అనేది మొదట ఒక పల్లె పేరట. ముళ్ల పొదలు నరికి చదును చేసుకున్న చెలక అని దాని అర్థమట. ఆ పల్లె వదిలి వచ్చినవాళ్లను ఊరి పేరుతో పిలిస్తే అదే ఇంటిపేరు అయిందట. మా దగ్గర కూడా సగం ఇంటిపేర్లు వదిలి వచ్చిన ఊర్లవే అన్నాను. చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. నాకు ఆమె మీద ఎక్కడలేని ఇష్టం పుట్టింది. నేను చేసే పనే ఆమె జీతం లేకుండా చేస్తోంది మరి.

"పైకి అందరూ దొరికారు. కిందికే ఎవరూ లేరు. నాతో ఈ పేరు ఆఖరు" అంది. ఏడవలేదు. గొడుగు పిడి మాత్రం గట్టిగా పట్టుకుంది.

సమాధి కోసం ఒడ్డు వెంబడి తిరిగాం. సమాధి లేదు, అది ఉండిన గడ్డే లేదు. ఒక ముసలి పడవాయన నది మధ్యకు చెయ్యి చూపించాడు.

"అగో, ఆడుండెనట దొర గోరి. గంగ తీస్కపొయ్యింది. మా తాత చెప్పెటోడు."

మా వైపు నదిని గంగ అనే అంటారు. ఆమె బూట్లు విప్పి, అంచున నీళ్లలో కాళ్లు పెట్టి చాలాసేపు నిలబడింది. ఆయన పక్కన నిలబడినట్టే కదా అని నాతో అంది. అవునన్నాను.

అప్పుడు ఆ పడవాయనే ఒక మాట వదిలాడు. "గోరి లేకుంటేమాయె, రేగుంటల దొరోళ్లు ఉన్నరు గద! బ్రామ్లోళ్లు." అని కిసుక్కున నవ్వాడు.

రేగుంటలో బ్రామ్లి సమ్మయ్య అనే రైతు ఉన్నాడని నాకు తెలుసు. తెలుగువాళ్లు. ఒకప్పుడు కూలి చేసి బతికిన ఇల్లు, ఇప్పుడు సొంత చెలక ఉంది. ఆ పేరు ఎట్లా వచ్చిందో ఊర్లో ఎవరినడిగినా నోటితో చెప్పరు, కన్ను కొడతారు. ఈ మాట అనువదించాలా వద్దా అని నేను తటపటాయించేలోపే 'బ్రామ్లీ' అన్న ముక్క ఆమె చెవిన పడింది. నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఇక్కడ నావాళ్లు ఉన్నారా?"

జీపులో పోయి అడిగితే

మరునాడు సాహెబ్ జీపు తీశాడు. ఆయన, ఆమె, నేను. రేగుంటలో జీపు ఆగేసరికి ఊరు ఊరంతా సమ్మయ్య వాకిట్లో ఉంది. పాపం, అతను తువ్వాలు తలకు చుట్టాలో భుజాన వేసుకోవాలో తెలియక చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"మాకేం తెల్వది సారు. తాతల నాటి పేరు. అట్లనే వస్తున్నది" అన్నాడు.

అతని తల్లి రాజవ్వ గడపలో నిలబడి ఉంది. డెబ్బై అయిదేళ్లు పైబడిన మనిషి. సన్నగా, ఎండిన చింతబరికెలాగా ఉంటుంది. సాహెబ్ ఆమె వైపు తిరిగి, హిందీలో, చాలా మర్యాదగానే, దొరగారికీ మీ ఇంటికీ సంబంధం ఏమిటమ్మా అని అడిగాడు. వెనక ఎవరో నవ్వారు. రాజవ్వ మా ముగ్గురినీ కింది నుంచి పైదాకా చూసి, లోపలికి పోయి తలుపు గడియ వేసుకుంది. ఆ గడియ చప్పుడు జీపు దాకా వినిపించింది.

తిరుగుదారిలో సాహెబ్ నా చెవిలో, "లిహూన్ టాక్ నా, బాయీ ఖుష్ హోతీల్" అన్నాడు. రాసి పడెయ్యి, ఆమె సంతోషిస్తుంది అని. ఆయన తప్పేమీ లేదు. దిక్కులేని ముసలావిడకు ఒక చుట్టాన్ని చేతిలో పెట్టి పంపాలనుకున్నాడు. ఆమె కూడా సమ్మయ్య ముక్కు తన నాన్న ముక్కులాగే ఉందని అప్పటికే అనేసింది. సమ్మయ్యది మా జిల్లాలో సగం మందికి ఉన్న ముక్కు. ఆ మాట నేను చెప్పలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట చెప్తాను. విచారణకు పోయినప్పుడు మొట్టమొదట తట్టే జవాబును నమ్మకండి. అది మన మనసులో ముందే వండి పెట్టుకున్న కూర. జీపులో పోతే జీపుకు తగ్గ జవాబే వస్తుంది. పదిమంది ముందు ఒక ఆడమనిషిని తన ఇంటి పుట్టుక గురించి అడగడం అన్నిటికంటే చెడ్డ విచారణ. దానికి తలుపు వేసుకోవడమే మంచి జవాబు.

నేను రాయలేదు. జింగనూర్ నుంచి ఇప్పపువ్వు మూటతో నడిచి వచ్చిన మనిషి గుర్తుకొచ్చాడు. ఎవరి తాతను ఎవరికి అంటగట్టినా ఆ భారం ఎవరో ఒకరు మోసుకుని తిరగాలి. ఇక్కడ మోసేది రాజవ్వ అని ఆ గడియ చప్పుడే చెప్పింది. రెండు రోజులు ఆగితే పెత్రమాస. ఆరోజు పోతానని సాహెబ్‌కు చెప్పాను.

పెత్రమాస

భాద్రపదం చివరి అమావాస్య మాకు పెత్రమాస. ఆరోజు ప్రతి ఇంటివాళ్లు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. మోదుగాకు విస్తర్లలో బియ్యం, పప్పు, చింతపండు, మిరపకాయలు, గుమ్మడికాయ ముక్క పెట్టి వరుసగా పేరుస్తారు. బియ్యం పట్టే దాసరి కూర్చుని ఇంటిపేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగుతాడు. ఇచ్చేవాడు ఒక్కొక్క పేరు చెప్పి నీళ్లు వదులుతాడు. ఒక ఇంటి వంశం మొత్తం, సర్కారు మనిషి అడగకుండానే, పైకి చదివి వినిపించే రోజు అదొక్కటే. తలాఠీకి అంతకంటే మంచి రోజు ఇంకేముంటుంది?

పొద్దున్నే ఎర్ర బస్సులో పోయాను. దొరసానిని వదిలిపోతే ఆమె ప్రాణం అక్కడ నిలవదని వెంట తీసుకుపోయి, రేగుంట బస్సు ఆగే చోట చాయ్ హోటల్లో కూర్చోబెట్టి, నేను పిలిస్తేనే రావాలని చెప్పాను. బుద్ధిగా తల ఊపి, హోటల్ కుక్కకు గుడ్ మార్నింగ్ చెప్పింది.

సమ్మయ్య ఇంట్లో నట్టింట విస్తర్లు వరుసగా ఉన్నాయి. దాసరి కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మం బయటే ఆగాను. అప్పుడు కనిపించింది. బయట, చూరు కింద, అలికి ముగ్గు వేసిన జానెడు చోటులో ఒంటరిగా ఇంకొక విస్తరి. అందులో బియ్యంతో పాటు ఒక కోడిగుడ్డు. చూరు నుంచి రాత్రి వాన నీళ్లు ఇంకా చుక్క చుక్కగా పడుతున్నాయి. ఒక చుక్క ఆకు అంచు మీద పడింది.

రాజవ్వ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల జీపు రాలేదా?"

"లేదవ్వా. బస్సుల వచ్చిన. ఈ విస్తరి ఎవరిది?"

"నువ్వు అడగొచ్చింది దీని సంగతే గద. బ్రామ్లి దొరది."

"మరి బయట ఎందుకు పెట్టిండ్రు?"

రాజవ్వ నన్ను వింతగా చూసింది. ఇంత చదివినవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మా నెత్తురు కాదు గనుక. దొర మాకు తాతే అయితే, తాత ఇస్తరిని ఎవలన్న సూరు నీళ్ల కింద పెడ్తరా?"

ఇట్లాంటప్పుడు ఏమీ అనకపోవడమే పని. ఆమే మొదలుపెట్టింది.

"ఎల్లవ్వ అని, మా మామను కన్నతల్లి. నేను ఈ ఇంటికి కోడలిగ వచ్చినప్పుడు నాకింకా పాలపండ్లే ఊడలేదు. మా అత్త కొట్టేది. ఎల్లవ్వ తన కొంగు కింద దాసుకునేది. నెత్తి దువ్వేది, బుక్కలు పెట్టేది. నా అసల తల్లి ఆమెనే. గసొంటి మనిషిని పట్టుకొని, దొర ఉంచుకున్నడు అంటది ఊరు. అడిగెటోళ్లందరు నవ్వుకుంట అడుగుతరు సారు. నవ్వెటోళ్లకు ఏం చెప్పాలె? అందుకే తలుపేసుకున్న."

"నేను నవ్వుతలేను అవ్వా."

"అందుకే చెప్తున్న. ఎల్లవ్వ పెనిమిటి లింగయ్య, దొర కాడ బండలు కొట్టెటోడు. అప్పుడు జరాలు లేసినయ్. లింగయ్యకు జరం నెత్తికెక్కితె తోటోళ్లు గుడిసెల ఇడిసిపెట్టి ఉరికిండ్రు. దొర తన డేరాలకు తీస్కపోయి పండవెట్టిండు. ఎల్లవ్వ, దొరసాని ఇద్దరు కూడి సాకిండ్రు. లింగయ్య బతికిండు. అదే జరం దొరను కొట్కపొయ్యింది. దొరసాని సంటిపోరన్ని ఎత్తుకొని పోవుకుంట, నా మొగని గోరి ఎవలు సూస్తరని ఏడ్సింది. నేను సూస్త అని లింగయ్య చేతుల చెయ్యేసిండు. రెండు వానలకే గోరి గంగల కలిసింది. మాటిచ్చినోడు ఇగ ఏం సూడాలె?"

"ఏం చేసిండు?"

"పెద్దమనుషుల కాడికి పోయిండు. గోరి లేకుంటె పెత్రమాసకు బియ్యమియ్యి అన్నరు. దాసరేమో, ఎవని పెద్దలకు వాడే ఇయ్యాలె, వేరే ఇంటిపేరు మీద నేను పట్ట అన్నడు. గప్పుడు లింగయ్య, ఇంటిపేరే అడ్డమైతె దొర ఇంటిపేరే పెట్టుకుంట, ఇగ పడతవా అన్నడు. అంతకుముందు ఆకులోళ్లం, అప్పటిసంది బ్రామ్లోళ్లమైనం. ఇస్తరి మాత్రం బయటనే పెట్టాలని ఎల్లవ్వ కట్టుబెట్టింది. ఊరు నోరు ఆమెకు ముందే ఎర్క."

ఇంతే సంగతి. ఇంతటి విచారణకు జవాబు నూరేళ్లకు పైగా చూరు కింద, అందరి కళ్ల ముందు ఏటా పెడుతూనే ఉన్నారు. వాకిట్లోకి వచ్చి చూసి నవ్విపోయినవాళ్లే గానీ, బయట ఎందుకు పెట్టారని అడిగినవాడు లేడు. దొర మనవరాలు వచ్చింది, హోటల్ కాడ కూర్చుంది, తనవాళ్లు దొరుకుతారని ఆశ పెట్టుకుంది, ఇప్పుడు కాదని ఎట్లా చెప్పాలో తెలుస్తలేదు అన్నాను.

రాజవ్వ అదంతా వినలేదు. దొర మనవరాలన్న ఒక్క ముక్కే పట్టుకుంది.

"ఆమెకు దొర అయ్య పేరు ఎర్కేనా?"

"ఏడు తరాలు ఎర్క."

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడింది. "ఓ సమ్మిగా! దాసరిని కూసోవెట్టు, పోనియ్యకు. అందరికి మూడు తరాలు చెప్పి ఇస్తున్నం, దొరకు ఒక్క పేరుతోటే ఇస్తున్నం, అదీ ఇంటిపేరే. ఎల్లవ్వ సచ్చెదాక అదే రంది. పో సారూ, తీస్కరా పో."

ఆడిబిడ్డ

హోటల్ నుంచి ఇంటికి నడిచేలోపు నేను ఆమెకు అంతా చెప్పాను. నెత్తురు సంబంధం లేదని ముందే, సూటిగా చెప్పాను. చెడ్డ జవాబును తీపిలో ముంచి ఇస్తే రెండుసార్లు బాధ. ఆమె దారి మధ్యలో ఆగిపోయింది. "ఏటా పెడతారా? ఒక్క ఏడు కూడా తప్పకుండా?" అని అడిగింది. అవునన్నాను.

చూరు కింద విస్తరిని చూసి, ఆ పొడుగు మనిషి గొడుగు ఆనించుకుని కష్టపడి నేల మీద కూర్చుంది. గౌనుకు బురద అయింది. పట్టించుకోలేదు. గుడ్డు ఎందుకని అడిగింది.

"దొరకు గుడ్డంటె పానమట. ఎల్లవ్వ చెప్పేది" అంది రాజవ్వ.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఆమె ఏడ్చింది. ఆమె నాన్నకు కూడా పొద్దున లేస్తే గుడ్డు ఉండాల్సిందేనట.

దాసరి గొంతు సవరించుకున్నాడు. ఆమె పేర్లు చెప్పింది, నేను అందించాను, సమ్మయ్య పలికాడు. థామస్. తండ్రి విలియం. తాత జార్జ్. విలియం దగ్గర సమ్మయ్య నాలుక మూడుసార్లు మడతపడింది. దాసరి, "ఫర్వాలేదు, పోయినోళ్లకు అర్థమైతది, కానియ్" అన్నాడు. నీళ్లు వదిలారు. బ్రామ్లీ అంటే పొదలు నరికి చేసిన చెలక అని నేను చెబితే రాజవ్వ తల ఊపింది. "మాలెక్కనే, అడివి కొట్టుకొని బతికినోళ్లే అన్నట్టు."

తర్వాత రాజవ్వ ఎడిత్ దొరసాని పక్కన కూర్చుని తన విచారణ మొదలుపెట్టింది. నా ముప్పై ఏళ్ల నౌకరీలో అంత సూటిగా నేను ఎవరినీ అడగలేదు.

"పిల్లలెందరు?"

లేరు.

"పెండ్లి?"

కాలేదు.

"మరి నీ ఎనుక నీకు బియ్యమెవలిస్తరు?"

ఇది నేను అనువదించలేకపోయాను. ఆమె నా మొహం చూసి, తనే అర్థం చేసుకుని, ఎవరూ లేరన్నట్టు రెండు చేతులు విప్పి చూపింది. రాజవ్వ ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంది.

"మేమున్నం గద. పేరేంది నీది? ఎడితా? మంచిగనే ఉన్నది, సమ్మిగానికి నోరు తిరుగుతది." వేళ్లు మడిచి లెక్క చూసింది. "లింగయ్యకు దొర అన్న లెక్క. దొర మనవరాలువంటె మా ఆయనకు చెల్లెవు. నాకు ఆడిబిడ్డవైతవ్. ఆడిబిడ్డ అర్ధమొగుడంటరు, నీకు మా భాష రాదు గనుక నేను బతికిన. లే, ఆడిబిడ్డను సూరు కింద కూసోవెడితె ఊరు నవ్వుతది. లోపలికి నడు."

లోపల గుమ్మడికాయ కూర, మాంసం, జొన్న గటక. ఆమె రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. కారానికి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే రాజవ్వ తన కొంగుతో తుడిచింది.

సాయంత్రం సాహెబ్ అడిగాడు. సంబంధం లేదని తేలింది సాహెబ్ అన్నాను. ఉసూరుమన్నాడు. "బాయీ బాధపడ్డారా?" రెండోసారి కూర అడిగి వేయించుకున్నారు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే సరే, ఉన్నది ఉన్నట్టే రాయి" అన్నాడు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ అభిమానం.

తర్వాత

ఏటా చలికాలానికి ముందు రేగుంటకు ఒక పార్సిలు వచ్చేది. ఒక ఏడు ఉన్ని శాలువా, ఒక ఏడు ఉన్ని మేజోళ్లు. సిరోంచ ఎండలకు ఉన్ని ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాజవ్వ మే నెలలో కూడా ఆ శాలువా భుజాన వేసుకుని కల్లంలో తిరుగుతూ, అడిగినా అడగకపోయినా, "మా ఆడిబిడ్డ పంపింది" అని చెప్పేది. ఎల్లవ్వ మీద నవ్వడం ఊర్లో మెల్లగా ఆగిపోయింది. సంగతి తెలిశాక దాసరే ప్రతి గడపకూ మోసుకుపోయి చెప్పాడు. దాసరి నోరు డప్పు కంటే దూరం పోతుంది.

ఆ దశకం ముగిసేలోపే ఒక వానాకాలం ఎడిత్ దొరసాని పోయిందని ఇంగ్లండు నుంచి ఆమె పక్కింటివాళ్లు నా పేరున రాశారు. ఆ మాట చెప్పడానికి నేనే పోయాను. రాజవ్వ అప్పటికి మంచం పట్టింది. వినగానే కోడలిని పిలిచి, నీళ్లు కాచమని చెప్పి, ఆ వయసులో, ఆ వాన చలిలో తలస్నానం చేసింది. అయినవాళ్లు పోతే చేసే స్నానం. నేను వద్దంటే వినలేదు.

ఆ ఏడు పెత్రమాసకు కూడా వెళ్లాను. వాన పడుతోంది. నట్టింట పెద్దల విస్తర్లు, చూరు కింద దొర విస్తరి. దాని పక్కన సమ్మయ్య ఇంకొకటి పరిచి బియ్యం పోస్తున్నాడు.

మంచం మీంచి రాజవ్వ చూసింది. "అదెవలిది?"

"ఎడితవ్వది."

"ఎత్తు. లోపల పెట్టు."

"నెత్తురోళ్లకే లోపల అని నువ్వే అంటివి గదనే."

"నా చేతి బువ్వ తిన్న ఆడిబిడ్డను వానల కూసోవెడ్తవురా? ఎల్లవ్వ పక్కకు పెట్టు."

సమ్మయ్య విస్తరిని రెండు చేతుల్లో ఎత్తుకుని, ఒక్క గింజ కింద పడకుండా గడప దాటాడు. నెత్తురు సంబంధం లేదని నేను తేల్చిన విచారణ అది. ఈరోజు వరకూ దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఆరోజు ఆ నట్టింట్లో నాకు దాన్ని గుర్తుచేసుకోవాలనిపించలేదు, అంతే. కళ్లు తుడుచుకున్నాను.

కొత్త దాసరి, పాతాయన కొడుకు, విస్తరి వైపు చూసి అడిగాడు.

"పేరు?"

"ఎడిత్."

"ఇంటిపేరు?"

"బ్రామ్లి."

"ఈ ఇంటికి ఏమైతది?"

"ఆడిబిడ్డ" అన్నాడు సమ్మయ్య.

"ఏ ఊరు?"

సమ్మయ్య నా వైపు తిరిగాడు. ఇంగ్లండులో ఆమె ఉండిన ఊరి పేరు నేను నోటి దాకా తెచ్చుకున్నాను. మంచం మీంచి రాజవ్వ కసిరింది.

"ఏ ఊరేందిరా? రేగుంట!"